నూట తొంభై రెండు సార్లు చూసిన ముఖం

“టీ బల్ల మీద పెట్టాను. చల్లారకముందే తాగమని చెప్పండి అత్తయ్యా” అంది లెక్కల టీచరు.

ఆవిడ భర్త అదే బల్ల దగ్గర, మూరెడు దూరంలో కూర్చుని ఉన్నాడు.

“వింటున్నాడుగా” అంది అత్తగారు.

“వినడం వేరు, చెప్పడం వేరు. మీరు చెప్పండి.”

పెద్దావిడ కొడుకు వైపు తిరిగింది. “టీ తాగమంటోందిరా.”

“చక్కెర తక్కువైందని చెప్పమ్మా.”

“చక్కెర తక్కువైందట.”

“చక్కెర డబ్బా ఆయన మోచేతి పక్కనే ఉందని చెప్పండి. ఎదురుగా ఉన్నది ఆయనకి కనిపించదని నాకు తెలుసు. చెయ్యి చాపితే తగులుతుంది.”

మాట తగలాల్సిన చోట తగిలింది. ఎడిటరు చక్కెర వేసుకోకుండానే టీ తాగేశాడు.

నాలుగు రోజులుగా ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాల మాటలన్నీ పెద్దావిడ మీదుగానే నడుస్తున్నాయి. మొదటి రోజు ఆవిడ ఓపిగ్గా అటూ ఇటూ మోసింది. రెండో రోజు మధ్యలో మాటలు కాస్త తగ్గించి, మెత్తబరిచి చేరవేసింది. మూడో రోజుకి విసుగొచ్చింది. “డెబ్భై నాలుగేళ్ళొచ్చాయి. ఈ వయసులో నాకీ తపాలా ఉద్యోగం ఏమిటమ్మా” అంది. అయినా మానలేదు. మానితే ఇంట్లో అసలు మాటే వినబడదని ఆవిడ భయం.

గోడ గడియారం రెండున్నర చూపిస్తోంది. చానల్ వాళ్ళ కారు అయిదింటికి వస్తుంది. పాత మార్కెట్టు పైకప్పు కూలి నేటికి వారం. ఆరింటికి ప్రత్యేక కార్యక్రమం. అందులో లెక్కల టీచరు, దిక్కులేని దుఃఖంలో ఉన్న తల్లిగా, కెమెరా ముందు కూర్చోవాలి.

ఆ తల్లికి ఆ కూలిన కప్పు కింద ఎవరూ లేరు. అసలు ఆవిడ ఎవరి తల్లీ కాదు. ఆ రోజు ఆవిడకి పోయింది ఒక దవడ పన్ను.

పళ్ళ డాక్టరు గది మార్కెట్టుకి ఎదురు వరసలోనే ఉంది. మత్తు సరిగ్గా ఎక్కక ముందే డాక్టరు పన్ను పీకేశాడు. చెంప చేత్తో పట్టుకుని, మూతి వంకర పోయి, కళ్ళల్లోంచి ధారలు కారుతుంటే ఆవిడ మెట్లు దిగింది. దిగేసరికి ఎదురుగా దుమ్ము, జనం, అరుపులు. ఏమైందో తెలియక అక్కడే నిలబడిపోయింది. కెమెరా పట్టుకున్నవాడికి ఆవిడ కనబడింది.

ఆ బొమ్మ ఎడిటరు చేతికి వచ్చింది. వార్తల చానల్లో ఇరవై రెండేళ్ళుగా అతని పని అదే. కెమెరా వాళ్ళు తెచ్చినవి చూసి, కత్తిరించి, అతికించి, కింద సంగీతం పెట్టి బులెటిన్‌కి అందించడం. ఆ రోజు సాయంత్రం అతను ఏడు సెకన్ల బొమ్మని ఏరి, వేగం సగానికి తగ్గించి, పద్నాలుగు సెకన్లు చేసి, కింద వయొలిన్ పెట్టాడు. ఊరంతా ఏడ్చింది.

అది తన భార్య అని అతను గుర్తుపట్టలేదు.

“ఒక్క మాట అడగమ్మా” అన్నాడిప్పుడు, ఖాళీ కప్పులోకి చూస్తూ. “నేను తప్పయిందని ఎన్నిసార్లు చెప్పాలట?”

“నూట తొంభై రెండు” అంది టీచరు.

ఈసారి అత్తగారి మీదుగా కాదు. సూటిగానే వచ్చింది. పెద్దావిడ ఊపిరి పీల్చుకుని అల్లిక పని ఒళ్ళోకి తీసుకుంది.

“అదేం లెక్క?”

“గంటకి నాలుగు బులెటిన్లు. రోజుకి పదహారు గంటలు. మూడు రోజులు. నాలుగు పదహార్లు అరవై నాలుగు, మూడు అరవై నాలుగులు నూట తొంభై రెండు. ఏడో క్లాసు పిల్లలు చేసేస్తారు.”

“అన్నీ నేను చూడలేదు కదా. నా డ్యూటీలో వచ్చినవి ఓ అరవై ఉంటాయేమో.”

“అరవై చాలవా? మా క్లాసులో పిల్లల్ని జూన్‌లో రెండుసార్లు చూస్తే పేర్లొచ్చేస్తాయి నాకు. మీకు పంతొమ్మిదేళ్ళు చూసినా మొహం రాలేదు.”

“మొహం చూడమే మేము. నీకెలా చెప్పాలి? అక్కడ కూర్చుంటే కన్ను మాత్రమే చూస్తాం. నీళ్ళు ఎక్కడ మొదలయ్యాయి, ఎక్కడ జారాయి, ఎక్కడ కొయ్యాలి. కన్నీళ్ళుంటే తడి షాట్. లేకపోతే పొడి షాట్. ఆ రోజు వచ్చిన వాటిలో తడిది అదొక్కటే బాగుంది.”

“బాగుందా?”

“బాగుందంటే ఆ ఉద్దేశంతో కాదు.”

“ఏ ఉద్దేశంతో అయినా సరేలెండి. ఈ ఇంట్లో నేను బాగున్నానన్న మాట పంతొమ్మిదేళ్ళలో ఇదే వినడం.”

పెద్దావిడ అల్లికలోకి మొహం దించుకుంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందని కొడుకూ కోడలూ ఇద్దరూ కనిపెట్టారు. ఇద్దరికీ కోపం వచ్చింది.

“అత్తయ్యా, మీరు నవ్వకండి. మీ సంగతి నేనింకా ఎత్తలేదు.”

పెద్దావిడ నవ్వు ఆగిపోయింది.

ఆవిడ సంగతి ఆవిడకే బాగా తెలుసు. రోజూ రాత్రి భోజనం చేస్తూ వార్తలు చూడడం, చూశాక దేవుడి ముందు కూర్చుని ఆ వార్తల్లో ఏడ్చినవాళ్ళందరి కోసం దణ్ణం పెట్టుకోవడం ఆవిడ అలవాటు. పేర్లు తెలియవు కనుక గుర్తులు చెప్పుకుంటుంది. ఎర్రచొక్కా ఆయన, బడిసంచి పట్టుకున్న పిల్ల, కర్ర పట్టుకున్న తాత. ఆ మూడు రోజులూ నీలం శాలువా తల్లి కోసం కూడా వేడుకుంది. ఆ శాలువా పోయిన చలికాలం తన చేత్తో అల్లి కోడలికి ఇచ్చిందే.

“నేనే అల్లాను” అంది పెద్దావిడ మెల్లిగా. “అంచు దగ్గర ఒక వరస తప్పు కూడా పడింది. టీవీలో ఆ తప్పు కనబడింది నాకు. ఎవరో నాలాగే తప్పు చేశారే అనుకున్నాను.”

“అదే రాత్రి లోపలి గదిలో నేను పన్ను నొప్పితో మూలుగుతున్నాను.”

“అవును.”

“నా మూలుగు అడ్డమొస్తోందని టీవీ సౌండు పెంచమన్నారు మీరు.”

“అన్నాను తల్లీ. నువ్వు టీవీలో ఏడుస్తుంటే బాగా వినాలని, నువ్వు గదిలో ఏడుస్తుంటే వినకుండా సౌండు పెంచమన్నాను. మధ్యలో ఉప్పు కూడా అడిగాను. ఆ ఉప్పు తలుచుకుంటేనే నాకు సిగ్గేస్తోంది.” ఆవిడ కాసేపు ఊలుదారం వేలికి చుట్టుకుంది. “రోజూ ఇంతమంది కోసం అడుగుతున్నాను కదా, నాకు జాలి ఎక్కువని అనుకునేదాన్ని. అది జాలో అలవాటో ఇప్పుడు తెలియడం లేదు. అయినా ఒకటి. నీ కోసమని తెలియకపోయినా మూడు రోజులు నీ కోసమే మొక్కాను. నాలుగో రోజుకి నీ వాపు తగ్గిందా లేదా?”

“డాక్టరు మాత్రలిచ్చాడు అత్తయ్యా.”

“మాత్రలకి ఆ బుద్ధి పుట్టించింది ఎవరు?”

టీచరుకి ఎంత ఆపుకున్నా నవ్వొచ్చింది. నవ్వితే దవడ లాగింది. చెంప పట్టుకుంది.

ఎడిటరు తలెత్తి ఆ చెయ్యి చూశాడు. చెంప మీద చెయ్యి. అదే వంపు. అప్పుడెందుకు గుర్తు రాలేదని నాలుగు రోజుల్లో ఎన్నోసారో తనని తాను ప్రశ్నించుకున్నాడు. పన్ను పీకించుకోవడానికి వెళ్తున్నానని ఆవిడ పొద్దున గుమ్మంలో చెప్పింది. అతను ఊ కొట్టాడు. ఆ ఊ కూడా ఇప్పుడు గుర్తొస్తోంది.

“చూడండి” అంది టీచరు నవ్వు తుడుచుకుని. “నాకు గుర్తుపట్టలేదన్న బాధ ఉంది. అది నేనెలాగో పడతాను. కానీ నేను ఆ కుర్చీలో కూర్చోను. కూర్చుంటే నిజం చెప్పేస్తాను. మీ చానల్ పరువూ, మీ పరువూ అందరి ముందూ పోతాయి. అలా కాకుండా మీ చీఫ్‌కి మీరే చెప్పండి. అయిదింటి లోపల. నేను మీ భార్యనని, మన ఇంట్లో ఎవరూ పోలేదని.”

“చెప్తే రేపటి నుంచి ఆ గదిలో నా మొహం ఎవరు చూస్తారు? పెళ్ళాన్ని గుర్తుపట్టని ఎడిటరని క్యాంటీన్లో కప్పులు కడిగేవాడు కూడా నవ్వుతాడు.”

“వాళ్ళు మీ మొహం చూసినా గుర్తుపట్టరులెండి. మీ వాళ్ళేగా.”

సమయానికి కాలింగ్ బెల్ మోగింది.

వచ్చింది వీధి చివర బేకరీ ఆవిడ. చేతిలో వెచ్చటి రొట్టె పొట్లం, చంకలో అద్దం, పౌడరు డబ్బా. టీవీలో ఉన్నది టీచరేనని ఊళ్ళో మొట్టమొదట కనిపెట్టింది ఈవిడే. ‘ఎవరీ తల్లి? తెలిస్తే చెప్పండి’ అని చానల్ వాళ్ళు నంబరు వేస్తే, తనంతట తాను ఫోన్ చేసి పేరూ ఊరూ నంబరూ అన్నీ ఇచ్చింది కూడా ఈవిడే.

“ఇంకా తయారవలేదా? కారొచ్చేస్తుంది” అంటూ టీచరుని కుర్చీలో కూర్చోబెట్టేసింది. “కాస్త పౌడరు రాస్తాను. ఎక్కువ వద్దు. మరీ తెల్లగా ఉంటే దుఃఖం కనబడదు.”

“నాకు దుఃఖం లేదని మంగళవారమే చెప్పాను కదక్కా. పన్ను పీకారు.” టీచరు నోరు తెరిచి ఖాళీ చూపించింది.

బేకరీ ఆవిడ లోపలికి తొంగి చూసింది. “పన్ను పోయింది నిజమే. కానీ పన్నుకి ఎవరూ అలా ఏడవరు.”

“మీకెప్పుడైనా పీకారా?”

“నాకన్నీ గట్టివే.”

“అయితే మీకు తెలియదు.”

“తెలియకపోవడమేమిటి? మూడు రోజులు నీ మొహం చూసి ఏడ్చాను నేను. రొట్టెలు రెండు పళ్ళేలు మాడ్చేశాను. మా ఆయన పోయినప్పుడు కూడా పొయ్యి మీద దృష్టి తప్పలేదు నాకు. అంత బాధ పన్ను కోసం పడ్డానా?”

“ఎంతమంది పోయారక్కా మార్కెట్టులో?”

“ఆఁ?”

“పోయినవాళ్ళు ఎంతమంది?”

బేకరీ ఆవిడ పౌడరు పఫ్ గాల్లో ఆపింది. “పన్నెండు కదూ. కాదు, పదిహేను. ఏమో, మొన్న ఇంకో చోట బస్సు పడిందన్నారు, అది కలిపి చెప్తున్నానేమో.”

“తొమ్మిది మంది.”

“తొమ్మిదేనా?” అనేసింది ఆవిడ. అన్నాక తన మాట తనకే వినబడినట్టు ఆగింది. పౌడరు డబ్బా మూత పెట్టింది. “రొట్టె మెత్తగా చేశాను. రెండో వైపు పళ్ళతో నమలు” అని చెప్పి, అద్దం మర్చిపోయి వెళ్ళిపోయింది.

ఆవిడ మీద నవ్వొచ్చినా, అలా తలుపు వైపు చూస్తూ ఉండిపోయారు ముగ్గురూ. మంచి మనిషి. ఎవరింట్లో జ్వరమొచ్చినా రొట్టె పంపుతుంది. అలాంటి మనిషికి కూడా ముఖం గుర్తుండి, లెక్క గుర్తు లేదు. మనలో ఎవరికి ఉంది? నిన్నటి వార్తలో పోయినవాళ్ళెందరో ఈ పూట అడిగితే ఎంతమందిమి తడుముకోకుండా చెప్పగలం?

నాలుగు దాటింది. ఎడిటరు రెండుసార్లు ఫోను చేతిలోకి తీసుకున్నాడు. రెండుసార్లూ దాని అద్దం తుడిచి కింద పెట్టాడు.

“ఫోను మెరిసిపోతోంది” అంది టీచరు గిన్నెలు సర్దుతూ. “ఇంక మాట్లాడొచ్చు.”

అప్పుడు మళ్ళీ బెల్ మోగింది.

ఈసారి గుమ్మంలో ఉన్నది ఒక ఆడ బస్ కండక్టరు. నలభై ఏళ్ళుంటాయి. ఖాకీ చొక్కా, భుజాన తోలుసంచి, వేలికి టికెట్లు తిప్పే రబ్బరు తొడుగు. అది తియ్యడం కూడా మర్చిపోయినట్టుంది.

“ఇక్కడ టీవీలో వచ్చినావిడ ఉంటారటగా. బేకరీ దగ్గర అడిగితే ఇల్లు చూపించారు.”

“మీరు చానల్ నుంచా?” అంది పెద్దావిడ.

“కాదమ్మా, డిపో నుంచి. రాత్రి ఎనిమిదింటికి మళ్ళీ బండెక్కాలి. పది నిమిషాలుండి పోతాను.”

పెద్దావిడ ఆవిణ్ణి లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. టీచరు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. కండక్టరు ఆవిడని చూడగానే లేచి నిలబడింది. బస్సులో ముసలివాళ్ళు ఎక్కితే లేచినట్టు.

“మీరు కూర్చోండి” అంది టీచరు కంగారుగా.

“ఒక్క మాట చెప్పి పోదామని వచ్చానండీ. మా తమ్ముడు పోయాడు మార్కెట్టులో. గొడుగులు బాగుచేసేవాడు. మెట్ల కింద చిన్న బల్ల వాడిది.”

పెద్దావిడ ఒళ్ళోంచి ఊలు ఉండ జారి నేల మీద దొర్లింది. ఎవరూ తియ్యలేదు.

“నాకు ఏడుపు రాలేదండీ” అంది కండక్టరు. “మర్నాడు మట్టి చేసి వచ్చాం. ఆ మర్నాడు డ్యూటీకెళ్ళాను. టికెట్లిచ్చాను, చిల్లరిచ్చాను, మెట్ల మీద వేళ్ళాడే పిల్లల్ని లోపలికి తోశాను. మా మరదలు నాతో మాట్లాడ్డం మానేసింది. ఈ అక్కకి గుండె లేదని చుట్టాలందరూ అన్నారు. నాకూ అదే భయం పట్టుకుంది. చిన్నప్పట్నించీ వాణ్ణి ఎత్తుకుని తిరిగిందాన్ని నేనే కదా, మరి నాకేం రోగమొచ్చింది అని. సోమవారం బస్టాండులో టీవీ దగ్గర నిలబడ్డాను. మీరొచ్చారు. చెంప మీద చెయ్యేసుకుని. ఏమైందో తెలియదు, అక్కడే కూర్చుండిపోయాను. డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు. బండి ఇరవై నిమిషాలు లేటు. నా సర్వీసులో అదే మొదలు.”

ఆవిడ నవ్వడానికి ప్రయత్నించింది.

“అందుకని వచ్చాను. మీకు చెప్పాలనిపించింది. మీవాళ్ళు ఎవరు పోయారండీ? కొడుకా?”

టీచరు భర్త వైపు చూడలేదు. చూస్తే సాయం అడిగినట్టవుతుందని కాబోలు. కండక్టరు పక్కన కూర్చుంది. గొంతు సవరించుకుంది.

“మీ దగ్గర దాచలేనండీ. మావాళ్ళెవరూ పోలేదు. నాకు పిల్లలు కూడా లేరు. ఆ రోజు నాకు పన్ను పీకారు.”

“ఏమిటీ?”

“దవడ పన్ను. మార్కెట్టు ఎదురుగా డాక్టరు దగ్గర. ఆ ఏడుపు దానిది. కింద వయొలిన్ మీరు విన్నది, అది వీళ్ళు పెట్టారు.”

కండక్టరు ఆవిడ మొహంలోకి చూసింది. వాపు తగ్గిన చెంపని చూసింది. అబద్ధపు పాసు చూపించినవాణ్ణి చూసినట్టు చాలాసేపు చూసింది. పెద్దావిడ కళ్ళు మూసుకుని లోలోపల ఏదో అనుకుంటోంది.

తర్వాత కండక్టరు నవ్వింది. ముందు ముక్కులోంచి చిన్నగా. తర్వాత సంచి ఒళ్ళోంచి జారేటంత. “పన్నా? మా వాడుంటే పడి పడి నవ్వేవాడు. అక్కా, నువ్వు ఎవరి పంటి కోసమో బస్సు ఆపేశావే అని ఊరంతా చెప్పేవాడు.”

నవ్వు తగ్గాక కళ్ళు తుడుచుకుంది. అవి ఏ నీళ్ళో చెప్పడం కష్టం.

“అయితే మరి నేను ఏడ్చింది దేనికండీ?”

లెక్కల టీచరుకి ఆ లెక్క రాలేదు. పెద్దావిడ కళ్ళు తెరిచింది.

“మీ తమ్ముడికే తల్లీ” అంది. “వేరెవరికి చేరుతుంది? చేర్చేవాడు ఒకడున్నాడు. చిరునామా తప్పు రాసినా ఆయన చేరుస్తాడని నా నమ్మకం. నమ్మకమే. రుజువడిగితే నా దగ్గర లేదు.”

“చేరితే చాలు” అంది కండక్టరు.

బల్ల దగ్గర కుర్చీ జరిగిన చప్పుడయింది. ఎడిటరు లేచి నిలబడ్డాడు.

“నేను మిమ్మల్ని చూశాను” అన్నాడు కండక్టరుతో.

“ఏ రూట్లో?”

“బస్సులో కాదు. మార్కెట్టు గేటు దగ్గర. ఈ చొక్కాలోనే ఉన్నారు. చేతిలో గొడుగు ఉంది, సగం ఊడినది. మీరు లోపలికే చూస్తున్నారు. పదకొండు సెకన్లు ఉన్నారు. ఒక్కసారి కూడా రెప్ప వెయ్యలేదు.”

“ఉన్నాను. వాడి బల్ల పక్కన దొరికింది ఆ గొడుగు. మీరెలా చూశారు?”

“నేను చానల్లో ఎడిటర్ని. మీ బొమ్మ నాకొచ్చింది. తీసి పక్కన పెట్టేశాను.”

“ఎందుకు?”

అతను కుర్చీ వీపు పట్టుకున్నాడు. “మీరు ఏడవడం లేదని. మీ తర్వాత వచ్చిన బొమ్మ ఈవిడది. అది పెట్టాను. ఈవిడ నా భార్య. అదీ నాకు తెలియలేదు.”

టీచరు తల తిప్పి భర్తని చూసింది. నాలుగు రోజుల్లో అతను ఆ మాటని మరొక మనిషి ముందు అనడం అదే మొదటిసారి.

అతను ఇంక ఫోను తుడవలేదు. నంబరు నొక్కాడు. వేలు జారి స్పీకరు కూడా నొక్కుకుపోయింది. చీఫ్ గొంతు గదంతా నిండింది.

“చెప్పవయ్యా, తొందరగా. స్టూడియోలో లైట్లు వేసేశారు.”

“సర్, ఆ నీలం శాలువా ఆవిడ మా ఆవిడ సర్.”

“ఎవరి ఆవిడ?”

“నా భార్య సర్. మా ఇంట్లో ఎవరూ పోలేదు. ఆ రోజు ఆవిడ పన్ను పీకించుకుని వస్తోంది. నేను గుర్తుపట్టలేదు. మంగళవారం నుంచి తెలుసు, చెప్పలేదు. తప్పు నాది.”

అవతల ఒక పొడవాటి నిట్టూర్పు.

“నీ సంగతి సోమవారం చూస్తాను. కారు బయల్దేరిపోయింది. ఇంకో గంటలో లైవు. ఎదురు కుర్చీ ఖాళీగా పెట్టుకుని నేనేం చెయ్యను? నిజంగా పోగొట్టుకున్నవాళ్ళు ఎవరైనా నీకు తెలుసా? ఎవరైనా సరే. కారెక్కించి పంపు.”

ఎడిటరు చూపు ఒక్క క్షణం కండక్టరు వైపు వెళ్ళింది. వెళ్ళిన చూపుని వెంటనే వెనక్కి లాక్కున్నాడు. ఆ క్షణంలో అటు చూసింది ఇరవై రెండేళ్ళ ఎడిటరా, ఇందాక తప్పొప్పుకున్న మనిషా? టీచరు ఆ చూపుని పట్టుకుంది.

“లేరని చెప్పండి” అంది గట్టిగా.

“ఎవరూ లేరు సర్” అన్నాడు అతను.

“ఎవరా గొంతు? ఇంట్లో ఎవరో ఉన్నట్టున్నారే” అంది ఫోను.

కింద వీధిలో కారు ఆగిన చప్పుడు వినబడింది. చెప్పిన వేళకంటే ముందే వచ్చింది. హారన్ ఒకసారి మోగింది.

కండక్టరు లేచింది. తోలుసంచి భుజానికి తగిలించుకుంది. “నా కోసం మొహమాటపడకండమ్మా” అని, అడ్డు పెట్టిన టీచరు చెయ్యి మెల్లగా పక్కకి జరిపి, ఫోను దగ్గరికి వచ్చి వంగింది. బస్సు చివరి సీటు దాకా వినబడే గొంతు ఆవిడది.

“సర్, నేను గొడుగులాయన అక్కని. మా తమ్ముడి గురించి చెప్పమంటే చెప్తాను. వాడి బల్ల ఎక్కడుండేదో, ఎలాంటి గొడుగులు కుట్టేవాడో, మాట్లాడితే ఎంత నవ్వించేవాడో అన్నీ చెప్తాను. నవ్వొస్తే నవ్వుతాను కూడా. ఏడుపు మాత్రం మీ ఎదుట వస్తుందని నమ్మకం లేదు. రాకపోతే నన్ను చూపిస్తారా, తీసేస్తారా?”

ఫోను పలకలేదు. లైను తెగలేదు, అటువైపు ఎవరో ఊపిరి తీస్తున్న చప్పుడు వినబడుతూనే ఉంది.

కింద హారన్ మళ్ళీ మోగింది. కండక్టరు ఫోను మీదికి వంగి అలాగే నిలబడి ఉంది, జవాబు వచ్చేదాకా బండి కదలనివ్వనన్నట్టు.